కట్ట ఉంది, కట్టుబాటు ఏది?

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఐఐటీ, ఐసర్, వ్యవసాయ కళాశాల, గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనాలయం – వీటిలో పర్యావరణం మీద పనిచేస్తున్న పరిశోధకులకు బహిరంగ లేఖ



ఒక మాట మీ ముందుంచి, దానికి ఆధారాలు చూపి, మీ నుంచి ఒక పని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. వాతావరణ మార్పును కొలవడంలో మన ప్రాంతం వెనకబడి లేదు. గాదంకి రాడార్ మూడు దశాబ్దాలకు పైగా మన తలల మీది గాలుల కదలికను పట్టి చూపిస్తోంది. పరిశీలక బావుల్లో నీటిమట్టం ఎంత లోతుకు దిగిందో భూగర్భజల శాఖ లెక్క తీస్తోంది. ఏ చెరువు నిండిందో, ఏది ఎండిందో ఉపగ్రహం చెబుతోంది. ఆకాశంలో ఏం జరుగుతోందో, నేల కింద ఏం జరుగుతోందో ఇలా చాలావరకు తెలుస్తోంది. ఈ రెండింటి నడుమ బతికే మనుషులు ఆ నీటిని ఏ ఒప్పందం మీద పంచుకుంటున్నారో, ఆ ఒప్పందం ఏ ఊళ్లో ఎప్పుడు తెగిందో, ఎక్కడ మళ్లీ ముడిపడిందో చెప్పే లెక్క మాత్రం మన దగ్గర ఒకచోట లేదు. నా వాదనల్లా ఇదే: చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో వాతావరణ విధానం గెలిచినా ఓడినా ఆ ఒప్పందం దగ్గరే. పంపులు, పైపులు, సోలారు పలకలు దాని తర్వాతే.

అలాంటి ఒప్పందానికి మన భాషలో కట్టుబాటు అని పేరు. చెరువుకు కట్ట ఎలాగో ఊరికి కట్టుబాటు అలాగ. రెండు మాటలూ ఒకే ధాతువు నుంచి పుట్టాయి, రెండూ జారిపోయేదాన్ని నిలిపి ఉంచేవే. సామాజిక నియమాల మీద లోతుగా పనిచేసిన పండితుల్లో క్రిస్టీనా బికియేరి ఒకరు. ఆమె 2006లో ప్రచురించిన గ్రంథం సారాన్ని మన మాటల్లో చెప్పుకుంటే, కట్టుబాటు నిలవడానికి రెండు ఆధారాలు కావాలి. తక్కినవాళ్లూ పాటిస్తారన్న నమ్మకం ఒకటి, నేను పాటించాలని తక్కినవాళ్లు ఎదురుచూస్తున్నారన్న ఎరుక మరొకటి. ఏ ఒక్కటి లేకపోయినా కట్టుబాటు కూలుతుంది. మనిషి మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్న ఆ తర్వాతే వస్తుంది. దీనికి ఉదాహరణ మన కళ్లెదుటే ఉంది. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలను దేవస్థానం నిషేధించింది. అలిపిరి దగ్గర తనిఖీ పెట్టింది; అంతకన్నా ముఖ్యంగా, కొండ మీద జలప్రసాదం కేంద్రాల్లో తాగునీళ్లు ఉచితంగా పోయిస్తోంది. ఇప్పుడు అక్కడ ప్లాస్టిక్ సీసా పట్టుకుని నడవడానికి యాత్రికుడు తనంత తానే సంకోచిస్తాడు. అదే మనిషి కొండ దిగి బస్టాండుకు వచ్చాక అదే సీసా కొంటాడు, అడిగేవారుండరు. మనిషి మారలేదు, అతని భక్తి మారలేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఏమనుకుంటారన్నదీ, దాహమేస్తే ఇంకో దారి ఉందా లేదా అన్నదీ మారాయి. నీతి బోధించడం వేరు, నీతిగా నడవడానికి వీలు కల్పించడం వేరు అని ఇంత స్పష్టంగా చూపే చోటు మరొకటి ఉండదేమో.

ఇక నీటి దగ్గరకు వస్తాను. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ వానలిస్తాయి. ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్లు. ఆ వాన పద్ధతిగా కురవదు. నాలుగు రోజుల్లో కుండపోత, ఆ తర్వాత నెలల తరబడి ఎండ. పెన్నలా, కృష్ణలా నమ్ముకోదగ్గ పెద్ద నది ఈ జిల్లాకు లేదు. స్వర్ణముఖి, బాహుదా, కౌండిన్య వానొస్తేనే పారే యేళ్లు. అందుకే మన పూర్వులు ఈ జిల్లాలో సుమారు 8,000 చెరువులు కట్టారు, ఒకదాని మొరవ నీళ్లు మరొకదానిలో పడేలా గొలుసుగా. 2021 నవంబరులో ఆ గొలుసు విలువ ఏమిటో, దాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో రెండూ తెలిశాయి. తిరుపతి వీధులు ఏరులయ్యాయి, స్వర్ణముఖి ఒడ్లు తెంచుకుంది, రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట నుంచి నీరు ఊరుతోందని తెలిసి దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. విజయనగర రాజుల కాలం నాటిదని చెప్పుకునే ఆ కట్ట మట్టిబస్తాల సాయంతో నిలబడింది. ఆ రోజుల్లో జరిగిన చర్చంతా కట్ట బలం మీదే నడిచింది. కట్టను ఏడాది పొడుగునా కనిపెట్టుకుని ఉండవలసిన మనిషి ఎవరు, అతనికి జీతం ఎవరిస్తారు అన్నవి అడిగినవారు తక్కువ.

ఒకప్పుడు ఆ మనిషి ఉండేవాడు. నీరుగంటి అనేవారు. తూము తీయడం, మూయడం, కాలువ వెంట నడిచి నీరు చివరి మడి దాకా చేర్చడం, వానాకాలం రాత్రుళ్లు కట్ట మీద కాపలా కాయడం అతని పని. నీళ్లు ఎవరికి ఎంతసేపన్నది అతను చెప్పినట్టు జరిగేది. తన మడికి తానే గండి కొట్టుకోవడం తప్పు. అతనికి కళ్లంలోనే మేర, అంటే గింజల్లో వాటా, కొలిచి ఇచ్చేవారు. పంట పండితేనే మేర కాబట్టి చివరి మడి ఎండితే అతని గింజలూ తగ్గుతాయి. చెరువు సగమే నిండిన ఏడాది రైతులు కట్ట మీద కూడి, ఎంత నేల మడి పెట్టాలో ముందే తేల్చుకుని, దామాషా ప్రకారం తలా కొంత నాటేవారు. ఇవాళ మీరు 'అనుకూలన వ్యూహం' అని పత్రాల్లో రాసేది సరిగ్గా ఈ పనినే. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించినప్పుడు వేయించినది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ అందులో ఏకరువు పెట్టారు. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు నడుమ మిట్ట – ఇవి ఏ ఇంజనీరైనా చెప్పేవే. వాటి సరసనే, నీరు కొంచెమై సాగునేల ఎక్కువ కావడం దోషమన్నారు. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడమూ దోషమన్నారు. ఆ చివరిది మట్టికీ రాతికీ సంబంధించిన దోషం కాదు. ఒకే నీటికి ఇద్దరు యజమానులై, వాళ్ల మధ్య మాట లేకపోతే ఎంత గట్టి కట్టయినా పనికిరాదని ఆరున్నర శతాబ్దాల కింద గుర్తించి రాతిమీద చెక్కారు. పాలారు నీళ్ల మీద మనకూ తమిళనాడుకూ నడుస్తున్న తగాదా చూస్తే ఆ మాట పాతబడలేదని తెలుస్తుంది.

ఇవాళ మన జిల్లాల్లో ప్రతి రెండు పొలాల మధ్యా రెండు రాజ్యాల సరిహద్దు ఉంది. బోరు తెచ్చిన మార్పు అది. చెరువు నీరు కంటికి కనిపిస్తుంది. ఎంత ఉందో, ఎవరు ఎంత పెట్టుకున్నారో ఊరంతటికీ తెలుస్తుంది. నేల కింది నీరు కనపడదు. మనది రాతి నేల. నీరు రాతి పగుళ్లలో, పెళుసుబారిన పొరల్లో కొద్దికొద్దిగా దాగి ఉంటుంది. ఒక పగులు నాలుగు పొలాల కింద సాగుతుంది. 1882 నాటి సౌలభ్యాల చట్టం నుంచి వచ్చిన ఆలోచన ప్రకారం భూమి ఎవరిదో దాని కింది నీరూ వాళ్లదే, ఎంత తోడుకున్నా అడిగేవారు లేరు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకం ఉచిత విద్యుత్తు ఫైలు మీద పెట్టారు. అప్పుల్లో మునిగిన రైతుకు అది ఊరట, దాన్ని నేను తప్పుపట్టను. అయితే తోడే నీటికి ధర లేదు, హద్దు లేదు, సాక్షి కూడా లేడన్న స్థితి అప్పటికి పూర్తయింది. పడమటి మండలాల్లో బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూసేవారు రావడం, రిగ్గు లారీ రావడం, తెల్లటి రాతిపిండి తప్ప ఏమీ పడకపోవడం, 'ఫెయిలయింది' అన్న ఒక్క మాటతో లక్షల అప్పు మిగలడం – పడమట ఏ ఊళ్లో అడిగినా ఈ వరసే చెబుతారు.

పొలం గట్టున రేకుపెట్టెలో ఉండే ఆటో స్టార్టరును దగ్గరగా చూడండి. కరెంటు ఎప్పుడొచ్చినా, అర్ధరాత్రయినా, మోటారు తనంత తానే తిరగడానికి పెట్టుకున్న పరికరం అది. మడి తడిసిందా లేదా అని చూసేవారు లేకుండానే నీళ్లు పోతుంటాయి. విద్యుత్తు శాఖ వాటిని తీసేయమని చెబుతూనే ఉంది. రైతు తీయడు. అది సోమరితనం అనుకుంటే పొరపాటు. నా మోటారు ఆపితే నీళ్లు మిగులుతాయన్న నమ్మకం అతనికి లేదు. పక్క బోరులోకి పోతాయన్న భయం ఉంది. పక్క రైతుకూ అదే భయం. బికియేరి చెప్పిన రెండు ఆధారాల్లో మొదటిది, తక్కినవాళ్లూ పాటిస్తారన్న నమ్మకం, ఆ రేకుపెట్టె దగ్గరే విరిగిపోయింది. 2002లో ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం తెచ్చారు. బోరు వేయాలంటే అనుమతి, బోరుకూ బోరుకూ మధ్య దూరం, రిగ్గులకు నమోదు అన్నీ అందులో ఉన్నాయి. అయినా రాత్రికి రాత్రి రిగ్గు వచ్చి బోరు వేసి వెళ్లిపోతుంటే ఊళ్లో ఎవరూ ఫిర్యాదు చేయరు, ఎందుకంటే రేపు తమకూ అదే రిగ్గు అవసరం. అందరూ ఉల్లంఘిస్తారని అందరికీ తెలిసిన చట్టం కాగితమే. ఊరు తనదనుకోని నియమాన్ని తహసీల్దారు కార్యాలయం ఒక్కటే మోయలేదు.

అయితే అసలు బోరు నీటి మీద కట్టుబాటు సాధ్యమా? సాధ్యమేనని చూపిన ప్రయత్నం మన జిల్లాలోనే జరిగింది. 2003లో మొదలై, ఆ తర్వాత ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, ఆ దశాబ్దం చివరిదాకా సాగిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకం ఏడు కరువు జిల్లాల్లో 600కు పైగా ఊళ్లలో నడిచింది. చిత్తూరు ఆ ఏడింటిలో ఒకటి. నంద్యాల కేంద్రంగా పనిచేసే బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ దాన్ని సమన్వయం చేసింది. అది ఎవరికీ రాయితీ ఇవ్వలేదు, ఎవరి మోటారూ ఆపలేదు. ఊళ్లో వానమాపకం పెట్టి, ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి రోజూ చదివి రాశారు. బోరులోకి కొలత తీగ వదిలి, నీటిని తాకిన చోట లోతు గుర్తించారు. డ్రమ్ము పెట్టి, అది నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసి మోటారు ఎంత నీరు తోస్తోందో లెక్క కట్టారు. ఆ అంకెలు ఊరి గోడ మీద రంగుతో రాశారు. రబీకి ముందు ఊరంతా కూడినప్పుడు గోడ మీది లెక్క చదివేవారు: ఇంత వాన పడింది, ఇంత నేలలో ఇంకింది, మీరందరూ వేద్దామనుకుంటున్న పంటలకు ఇంత కావాలి, ఇంత లోటు. వరి ఎంత తగ్గించాలి, ఏ ఆరుతడి పంట వేయాలి అన్నది ఎవరికి వారే తేల్చుకున్నారు. చాలాచోట్ల తోడకం తగ్గింది. రైతులే పెద్దఎత్తున భూగర్భజలాన్ని అదుపులో పెట్టుకున్న అరుదైన ఉదాహరణగా 2010లో ప్రపంచబ్యాంకు నివేదిక దీన్ని ఎత్తి చూపింది. కనపడని నీటిని గోడ మీద కనపడేలా చేయడమే ఆ పథకం చేసిన పని. చెరువుకు సహజంగా ఉన్న గుణాన్ని బోరుకు తెచ్చిపెట్టింది.

దీనికి తోడు మరో రెండు ఆధారాలున్నాయి. ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ సంస్థతో కలిసి రూత్ మైన్‌జెన్-డిక్, మార్కో జాన్సెన్ తదితర పరిశోధకులు ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో రైతులచేత ఒక ఆట ఆడించారు. ప్రతి ఏడూ తక్కువ నీటి పంటా, ఎక్కువ నీటి పంటా అన్నది ఆటగాడు రహస్యంగా ఎంచుకోవాలి. అందరి ఎంపికలూ కలిపితే మట్టం ఎంత పడిపోయిందో కళ్లెదుట తేలుతుంది. ఆట ఆడిన ఊళ్లు ఏడాది తర్వాత, ఆడని ఊళ్లకన్నా ఎక్కువగా, నీటి లెక్కల పుస్తకాలూ నియమాలూ పెట్టుకున్నాయని 2018లో ప్రచురించారు. ఆట ఒక్కటే నీటిని కాపాడదని వాళ్లే నిజాయితీగా చెప్పారు. ఇక రాబర్ట్ వేడ్. ఆయన కర్నూలు జిల్లా కాలువ గ్రామాల్లో చేసిన పరిశోధన 1988లో పుస్తకంగా వచ్చింది. కాలువ చివర ఉండి నీరు అందుతుందో లేదోనన్న భయం ఎక్కువ ఉన్న ఊళ్లే పెద్దమనుషుల సంఘం పెట్టుకుని, ఉమ్మడి నిధి కూడబెట్టి, అందరి తరఫునా నీళ్లు పెట్టే మనుషులను జీతానికి పెట్టుకున్నాయని ఆయన చూపించారు. కాలువ మొదట్లోని ఊళ్లకు ఆ అవసరం రాలేదు. ఉమ్మడి వనరులను జనమే కాపాడుకోగలరని వాదించి 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రామ్ పేరు మీ పాఠాల్లో ఉంటుంది. ఆ వాదనకు బలమైన సాక్ష్యం ఒకటి మన సీమ నుంచే వెళ్లిందన్న సంగతి ఇక్కడి విద్యార్థికి తెలియాలి.

ఇదంతా వాతావరణ విధానానికి ఎందుకు ముఖ్యమో ఇప్పుడు చెబుతాను. ఉద్గారాలు తగ్గించడానికి పొలానికి సోలారు పంపు ఇమ్మంటున్నాం. కేంద్రం 2019లో పీఎం కుసుమ్ తెచ్చింది. పగలు తొమ్మిది గంటల కరెంటును సూర్యుడి నుంచే ఇవ్వాలని రాష్ట్రం అనుకుంటోంది. బొగ్గు తగ్గుతుంది, రైతు రాత్రిళ్లు పాముల మధ్య పొలానికి వెళ్లనక్కరలేదు, రెండూ మంచివే. కానీ ఎండ ఎక్కువగా ఉన్న రోజే పంపు ఎక్కువ తోడుతుంది, మన జిల్లాలో ఎండకు కొదవ లేదు. కట్టుబాటు లేని ఊళ్లో సోలారు పంపు అంటే ఎవరూ ఆపనక్కరలేని ఆటో స్టార్టరు. భూతాపాన్ని తగ్గించే విధానం భూతాపాన్ని తట్టుకునే శక్తిని తినేస్తుంది. బిందుసేద్యం కథా ఇదే. 2003లో మన రాష్ట్రం సూక్ష్మసేద్యానికి ప్రత్యేక పథకం పెట్టి దేశానికి దారి చూపింది. ఎకరాకు నీరు తగ్గిన మాట నిజం. మిగిలిన నీటితో ఇంకో ఎకరా తడిపితే, మామిడి తోపు పక్కన టమాటా వేస్తే, నేల కింద మిగిలేది ఏమీ లేదు. పరికరం నీటిని పొదుపు చేయగలదు. పొదుపైన నీరు ఎవరిదో చెప్పలేదు. అది నీతికి సంబంధించిన ప్రశ్న. మీ నమూనాల్లో దానికి గడి లేకపోతే ఫలితం తప్పుతుంది.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో అన్నిటికన్నా బరువైనదాన్ని ముందు తీసుకుంటాను. కట్టుబాటు అన్న మాట వినగానే దళిత పాఠకుడికి గుర్తొచ్చేది చెరువు దామాషా కాదు. ఊరబావి దగ్గరికి రానివ్వని చేయి. ఈ అభ్యంతరం న్యాయమైనది, దీన్ని పక్కకు నెట్టి ముందుకుపోయే హక్కు ఎవరికీ లేదు. నీరుగంటి చాలా ఊళ్లలో దళిత కుటుంబం వాడే. ఊరందరి పొలాలకూ నీళ్లు పంచిన అతనికి ఆ ఆయకట్టులో సెంటు భూమి లేని చోట్లు ఎన్నో. కాబట్టి నేను పాత కట్టుబాటును తిరిగి తెమ్మనడం లేదు. ఊరు నీటి మీద ఒక మాటకు రాగలదన్న సామర్థ్యాన్ని తీసుకుని, ఆ మాటలో ఎవరెవరికి నోరుందన్నది కొత్తగా రాయాలి. అనంతపురం జిల్లాలో వాసన్ సంస్థ తోడ్పాటుతో కొన్ని ఊళ్లు ఆ దారి పట్టాయి. బోరున్న రైతులు తమ బోర్లను పైపులతో కలిపి, కొత్త బోర్లు వేయబోమని ఒప్పుకుని, బోరు లేని వాన పంట రైతుకు కూడా ఎండిపోయే వేళ ఒక రక్షక తడి ఇచ్చారు. పాత కట్టుబాటు ఎన్నడూ ఇవ్వని వాటా అది. భూమి లేని ఆడవాళ్లకు, కౌలు రైతుకు, గొర్రెల కాపరికి ఆ లెక్కలో చోటెలా దొరుకుతుందన్న ప్రశ్న ఇంకా తెగలేదు. తెంచవలసినవారిలో మీరున్నారు.

రెండో అభ్యంతరం: ప్రపంచాన్ని వేడెక్కించింది ఒకరు, నీళ్లు తగ్గించుకోమనేది రెండెకరాల మదనపల్లె రైతునా? ఉద్గారాల విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. ఉమ్మడి బాధ్యతే అయినా ఎవరి మోత వారి స్థాయికి తగ్గట్టుండాలని 1992 నాటి అంతర్జాతీయ ఒడంబడికే ఒప్పుకుంది. ఆ సూత్రాన్ని ఊరి లోపలికి కూడా తెండి. ఆరు బోర్లున్న ఆసామీ, ఒక్క బోరు ఎండిన చిన్న రైతూ ఒకే వాటా తగ్గించుకోవాలనడం అన్యాయం. కానీ బోర్ల పందెం ఇలాగే సాగితే ముందు కూలేది ఆ చిన్న రైతే. వెయ్యి అడుగుల బోరుకు అప్పు తెచ్చుకోగలిగినవాడే చివరికి మిగులుతాడు. హద్దు లేకపోవడమే పేదకు ఎక్కువ నష్టం. తగ్గించుకున్నందుకు డబ్బు ఇవ్వడానికీ దారులున్నాయి. గుజరాత్ ఖేడా జిల్లాలోని ధుండి గ్రామంలో రైతులు సహకార సంఘం పెట్టి, సోలారు కరెంటులో తమకు అక్కరలేనిది గ్రిడ్డుకు అమ్ముకుంటున్నారు. నీరు తోడకపోయినా ఆదాయం ఉంటుందన్నప్పుడు మోటారు ఆపడం త్యాగం అనిపించుకోదు. మన దగ్గర సోలారు పంపు ఇచ్చేటప్పుడే తోడకానికి హద్దు పెట్టే షరతూ ఈ ఆదాయమూ కలిపి ఇవ్వాలి.

మూడోది పరిశోధకుల నుంచే వస్తుంది. ఆ భూగర్భజల పథకం ముగిశాక ఏమైంది? 2012లో వెలువడిన సమీక్ష ఒకటి, పథకం వెళ్లిపోయాక చాలాచోట్ల కొలతలు ఆగాయని, చెప్పుకున్నంత మార్పు నిలవలేదని తేల్చింది. దాన్ని దాచి వాదించడం నాకు ఇష్టం లేదు. అయితే ఆ వైఫల్యం ఏం చెబుతోంది? చెరువు కట్టుబాటు వందల ఏళ్లు నిలవడానికి జనం మంచితనం ఒక్కటే కారణం కాదు; నీరుగంటికి మేర ఉండేది, అతని మాటకు ఊరి అధికారం ఉండేది. బోరు నీటి లెక్క రాసిన మనిషికి పథకం ఉన్నన్నాళ్లే గౌరవమూ భత్యమూ దక్కాయి. పథకం పోగానే ఆ లెక్క ఎవరి ఉద్యోగమూ కాకుండా పోయింది. 1997లో మన రాష్ట్రం నీటి సంఘాల చట్టం చేసినప్పుడు కాలువకూ చెరువుకూ సంఘం వచ్చింది. నేల కింది నీటికి రాలేదు. ఇవాళ గ్రామ సచివాలయాలున్నాయి, వాటిలో వ్యవసాయానికీ సర్వేకూ సిబ్బంది ఉన్నారు. గోడ మీద ఆ అంకె నెలనెలా రాయడం ఒకరి విధిగా పెట్టడం ఖర్చుతో కూడిన పని కానేకాదు.

ఇక 'కృష్ణ నీళ్లు వస్తున్నాయి కదా' అన్నది నాలుగో అభ్యంతరం. హంద్రీ–నీవా కాలువ కుప్పం దాకా చేరింది, దశాబ్దాల ఎదురుచూపు అది, ఎవరికైనా సంతోషమే. కానీ శ్రీశైలం నుంచి మెట్టుమెట్టుగా ఎత్తిపోస్తూ అయిదు వందల కిలోమీటర్లకు పైగా తెచ్చే నీటికి మనం చిట్టచివరి ఊళ్లం. కాలువ చివరి ఊళ్లకే కట్టుబాటు ఎక్కువ అవసరమని వేడ్ చూపించినది గుర్తుచేసుకోండి. పైగా ఆ నీరు చివరికి చేరేది చెరువులకే. చెరువులోంచి ఎవరి మడికి ఎంతన్న ప్రశ్న కృష్ణ నీటితో తీరదు.

మిమ్మల్ని అడగదలచుకున్నది ఇప్పుడు చెబుతాను. తిరుమల ఆలయ శాసనాలను దేవస్థానమే 1930ల్లో సంపుటాలుగా ప్రచురించింది. వాటిని చదివి బర్టన్ స్టెయిన్ 1960లో ఒక వ్యాసం రాశారు. విజయనగర కాలంలో స్వామివారికి భక్తులు సమర్పించిన సొమ్మును ఆలయ గ్రామాల్లో చెరువులకూ కాలువలకూ పెట్టి, అందువల్ల పెరిగిన పంటతో నైవేద్యం నడిపారని, దాత వాటా ప్రసాదం కూడా అందులోంచే వచ్చిందని ఆయన వివరించారు. ధర్మం, నీరు, లెక్క మూడూ ఒకే రాతి మీద ఉన్న ఊరు మనది. ఆ శాసనాలు మీ గ్రంథాలయాల్లో ఉన్నాయి. గాదంకి అంకెలు పక్కనే ఉన్నాయి. రాయలచెరువు మీ ప్రాంగణాలకు ఎంతో దూరం లేదు. ఒక చెరువు గొలుసును తీసుకోండి. దాని కింద ఏ ఊళ్లో ఏ కట్టుబాటు ఉండేది, ఎవరిని బయట ఉంచింది, ఎప్పుడు ఎందుకు తెగింది, ఇప్పుడు బోర్ల మధ్య ఏ చిన్న ఒప్పందమైనా మిగిలిందా అన్నది వాన లెక్కతో, మట్టం లెక్కతో కలిపి రాయండి. జలశాస్త్రవేత్త, సామాజిక శాస్త్రవేత్త, చరిత్రకారుడు కలిసి వెళ్లకపోతే ఈ పని కాదు. రెండేళ్లకు నిధులైపోయి తిరిగి రావద్దు. పదేళ్లయినా ఆ ఊరికి వెళ్తూ ఉండండి, కట్టుబాటు నిలిచిందా లేదా అన్నది అప్పుడే తేలుతుంది. సోలారు పంపుల మీద, బిందుసేద్యం మీద ప్రభుత్వం మిమ్మల్ని సలహా అడిగినప్పుడు, ఊరి ఒప్పందం లేనిదే రాయితీ ఇవ్వవద్దని నిర్భయంగా రాయండి.

ఈశాన్య రుతుపవనాల వానలు ముగిసి, రైతులు రబీకి విత్తనాలు చూసుకునే రోజుల్లో మొదలుపెట్టండి. మొదటి ఏడాదికి ఒక్క ఊరు చాలు. మీ పత్రం ఏ అంతర్జాతీయ పత్రికకు పంపినా సరే, ముందు దాన్ని తెలుగులో రాసి, ఆ ఊరి కట్ట మీద కూర్చుని, ఆ ఊరివాళ్లకే చదివి వినిపించండి.

ఇట్లు,
తిరుపతి పౌరుడొకరు